నా క్లోమంలో రాళ్లు తీసిన వైనం

రెండేళ్లలో నా జాకెట్లను నేనే మూడుసార్లు లోపలికి పట్టి కుట్టుకున్నాను. సూర్యాపేటలో మా ఇంటి ముందు గదిలో మిషన్ పెట్టుకుని పద్దెనిమిదేళ్లుగా కుడుతున్నాను. మా వీధిలో ఎవరు లావయ్యారో, ఎవరు చిక్కారో నా కొలతల పుస్తకం చెబుతుంది. అందులో నా పేరు మాత్రం ఎప్పుడూ రాసుకోలేదు. మూడోసారి కుట్టేటప్పుడు టేపు చుట్టి చూసుకుంటే 36 ఉండాల్సిన ఛాతీ 32కి వచ్చింది. ‘ఏం డైటింగ్ చేస్తున్నావక్కా’ అని అడిగేవాళ్లకు నవ్వి ఊరుకునేదాన్ని. తింటే నొప్పి వస్తోందని తినడం తగ్గించాను, అదే నా డైటింగ్.

నొప్పి బొడ్డుకు పైన మొదలై తిన్నగా వీపులోకి గుచ్చుకుపోయేది. విచిత్రం ఏమిటంటే, మిషన్ దగ్గర కూర్చుంటే తగ్గేది. ముందుకు వంగి కుడుతున్నంతసేపూ ఉండీ లేనట్టుండి, రాత్రి వెల్లకిలా పడుకోగానే పట్టుకునేది. పని చేస్తే తగ్గి, పడుకుంటే పెరిగే నొప్పి ఎక్కడైనా ఉంటుందా అని మా అత్తమ్మకు అనుమానం. నిజం చెప్పాలంటే నాకూ అనుమానమే. క్లోమం (పాంక్రియాస్) జీర్ణాశయం వెనక, వెన్నెముకకు దగ్గరగా అడ్డంగా ఉంటుందనీ, వెల్లకిలా పడుకుంటే నొప్పి పెరిగి ముందుకు వంగితే ఊరట కలగడం ఈ జబ్బు గుర్తుల్లో ఒకటనీ చాలా ఆలస్యంగా తెలిసింది. వంగి చేసే పని కావడం వల్ల రెండేళ్లపాటు జబ్బు నా మిషన్ చాటున దాక్కుంది.

ఆ రెండేళ్లూ గ్యాస్ మాత్రలు మింగాను. ఒకచోట పొట్ట స్కానింగ్ కూడా తీశారు. ‘పేగుల్లో గాలి అడ్డురావడం వల్ల క్లోమం సరిగా కనబడలేదు’ అని రిపోర్టు చివర ఒక్క వాక్యం ఉంది. ఆ వాక్యాన్ని రాసిచ్చినవాళ్లు పట్టించుకోలేదు, చూసిన డాక్టరు పట్టించుకోలేదు, దాచిపెట్టుకున్న నేనూ పట్టించుకోలేదు. పొట్ట స్కానింగులో క్లోమం ఇలా తప్పించుకోవడం మామూలేనట. ఇంకో సంగతి, చెప్పడానికి ఇబ్బందిగా ఉన్నా చెబుతాను. విరేచనం జిడ్డుగా, నూనె తేలినట్టు అయ్యేది, ఎంత నీళ్లు పోసినా పోయేది కాదు. ఆడవాళ్లం ఇలాంటివి ఎవరికీ చెప్పం. తిన్న కొవ్వు అరగడం లేదని అది ఎప్పటినుంచో చెబుతూనే ఉంది.

ఒక రాత్రి వాంతులతో స్పృహ తప్పేంత పనై, ఊళ్లోనే ఒక ఆసుపత్రిలో చేర్చారు. రక్తంలో లైపేజ్, అంటే కొవ్వును అరిగించే క్లోమం ఎంజైమ్, చాలా ఎక్కువగా ఉందన్నారు. మామూలు ఎక్స్‌రే తీసి దీపం ముందు పెడితే, వెన్నెముకకు అడ్డంగా తెల్లటి చుక్కలు కనిపించాయి, చీర మీద సుద్దతో గుర్తులు పెట్టినట్టు. సీటీ స్కానింగులో లెక్క తేలింది. క్లోమం తల భాగంలో, ప్రధాన నాళంలో 11 మిల్లీమీటర్ల రాయి ఇరుక్కుంది. దాని వెనక నాలుగైదు చిన్నవి. మూడు మిల్లీమీటర్లు ఉండాల్సిన నాళం ఆనకట్ట వెనక నీళ్లలా ఉబ్బి తొమ్మిదికి పెరిగింది. క్లోమం రోజుకు లీటరుకు పైగానే జీర్ణరసం తయారు చేస్తుందట. దారి మూసుకుపోతే ఆ రసమంతా లోపలే ఒత్తిడి పెడుతుంది.

‘రాళ్లు’ అనే మాట చెవిన పడగానే చుట్టాలందరూ వైద్యులయ్యారు. మా పెద్దమ్మ కొండపిండాకు తెచ్చింది. ఆడపడుచు ఉలవచారు పంపింది. పక్కింటి వాళ్లు అరటి దూట రసం. అందరూ ప్రేమతోనే చేశారు, నేనూ వారం రోజులు తాగాను. అవన్నీ కిడ్నీ రాళ్లకని మన వాడుకలో ఉన్నవి. మనం తాగే నీళ్లు మూత్రమై కిడ్నీ రాయిని తడుపుతూ పోతాయి. క్లోమం నాళంలోకి మనం తాగేదేదీ పోదు, అక్కడినుంచి రసం బయటికి రావడమే తప్ప. ఆ రాయి ప్రోటీను ముద్ద చుట్టూ పేరుకున్న కాల్షియం కార్బొనేటు. గుడ్డు పెంకులో ఉండేదీ అదే. ఉలవచారుకు కరగదు. రుచి మాత్రం బాగుంది.

హైదరాబాదు వెళ్లమన్నారు. ఈ రాళ్ల విషయంలో హైదరాబాదుకు ప్రపంచంలోనే పేరుంది. అక్కడి ఏషియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ గ్యాస్ట్రోఎంటరాలజీ వాళ్లు వెయ్యిమందికి పైగా రోగుల క్లోమం రాళ్లను పగలగొట్టిన అనుభవాన్ని 2010లోనే వైద్య పత్రికలో ప్రకటించారు. నేను వెళ్లిన ఆసుపత్రి పేరు రాయను, నా కథలో మెచ్చుకోళ్లూ ఉన్నాయి, సణుగుళ్లూ ఉన్నాయి.

మొదటి సణుగుడు అక్కడి ఫారాల దగ్గరే. వివరాలు రాసుకునే అబ్బాయి ‘మద్యం అలవాటుందా?’ అని మా ఆయన వైపు చూసి అడిగాడు. మా ఆయన కంగారుపడి ‘పేషెంటు నేను కాదండీ’ అన్నారు. అప్పుడా అబ్బాయి నా వైపు చూసిన చూపు ఇంకా మరచిపోలేదు. ఈ జబ్బుకు తాగుడు పెద్ద కారణమే, పొగ తాగడం ఇంకా తొందరపెడుతుంది. కానీ మన దేశంలో చుక్క ముట్టని వాళ్లలో, చిన్న వయసులో కూడా క్లోమంలో రాళ్లు వస్తాయని డాక్టరు గారు చెప్పాక నా పరువు నాకు తిరిగొచ్చింది. కొందరిలో పుట్టుకతో వచ్చిన జన్యువుల తేడా ఉంటుందట. కర్రపెండలం తినడం వల్ల అని ఒకప్పుడు అనుమానించారుగానీ అది తేలలేదట. నాకెందుకు వచ్చిందో కచ్చితంగా ఎవరూ చెప్పలేదు. మా ఆయన మాత్రం ఆ రోజునుంచి బీడీ మానేశారు. ఎవరి జబ్బుకు ఎవరు పత్యం ఉన్నారో మరి.

డాక్టరు గారు మందుల చీటీ వెనక బొమ్మ గీసి చెప్పారు. అయిదు మిల్లీమీటర్లకు లోపలున్న రాళ్లయితే నోటి గుండా ఎండోస్కోపు, అంటే కెమెరా ఉన్న గొట్టం, పంపి నేరుగా తీసే ప్రయత్నం చేస్తారు. నాది 11. పిత్తనాళంలో రాళ్లు చాలావరకు నున్నగా ఉండి లాగితే వస్తాయి. క్లోమం రాళ్లు గట్టివి, గరుకు అంచులతో గోడకు పట్టుకుని ఉంటాయి, పైగా రాయికి ముందు నాళం సన్నబడి ఉంటుంది. తొందరపడి తీగబుట్టతో పట్టి లాగితే రాయి రాదు, బుట్టా రాదు, రెండూ లోపలే ఇరుక్కుంటాయి. అందుకని ముందు బయటినుంచి షాక్‌వేవ్‌లతో, అంటే దెబ్బల్లా తగిలే బలమైన తరంగాలతో, రాయిని మూడు మిల్లీమీటర్లకు లోపు పొడి చేసి, ఆ తర్వాత ఈఆర్‌సీపీలో, అంటే ఎండోస్కోపును నాళం నోటి దాకా పంపి ఎక్స్‌రేలో చూసుకుంటూ చేసే పనిలో, ఊడ్చేస్తారు. షాక్‌వేవ్‌కు లొంగని మొండిరాళ్లకు, నాళం వెడల్పుగా ఉంటే, సన్నటి కెమెరా గొట్టాన్ని ఆ నాళంలోకే పంపి లేజరుతో పగలగొట్టే పద్ధతి కూడా ఉంది. ఇవేవీ కుదరకపోతే ఆపరేషన్ చేసి, నాళాన్ని పొడవునా చీల్చి పేగుకు కలిపి కుట్టేస్తారు. ‘కుట్టడం’ అనగానే నాకు కాస్త ధైర్యం వచ్చిందిగానీ ఆ కుట్టు నాకు వద్దనిపించింది.

చీటీ పాడి తెచ్చిన డబ్బుతో చేరాను. షాక్‌వేవ్ రోజుకొకటి చొప్పున మూడు రోజులు. కదలకుండా పడుకోవాలి, దెబ్బలు తగులుతాయి, కాబట్టి వెన్నులో మత్తు ఇస్తారు. మోకాళ్లు కడుపులోకి ముడుచుకుని పక్కకు తిరిగి పడుకోమన్నారు. సూది గుచ్చేవాళ్లను నేను చూడలేను, గుచ్చడం నా పని కదా. తర్వాత వెల్లకిలా తిప్పి, పొట్ట మీద జెల్లు రాసి, నీళ్లు నింపిన మెత్తటి దిండు లాంటిదాన్ని ఆనించారు. మధ్యలో గాలి ఉంటే తరంగాలు అక్కడే ఆగిపోతాయట, నీటిలోంచయితే సాఫీగా పోతాయి. మన కండ కూడా దాదాపు నీరే కనుక దాన్ని దాటుకుని వెళ్లి, ఒక్క బిందువు దగ్గర కలుస్తాయి. ఆ బిందువు మీద రాయి ఉండేటట్టు ఎక్స్‌రేలో చూసుకుంటూ బల్లను జరుపుతారు.

తర్వాత మొదలైంది చప్పుడు. టక్, టక్, టక్. దారం లేకుండా మిషన్ తొక్కినట్టు ఒట్టి చప్పుడు. నిమిషానికి తొంభై దెబ్బలని టెక్నీషియన్ చెప్పాడు. ఒక విడతకు అయిదు వేలు. మనసులో లెక్క వేసుకున్నాను: యాభై అయిదు నిమిషాలు పైచిలుకు. నొప్పి లేదు, ఎవరో పక్కగదిలో గోడకు మేకు కొడుతుంటే మన గోడ అదిరినట్టు ఉంది. నేను లెక్కపెట్టడం మొదలుపెట్టి నాలుగు వందల దగ్గర తప్పిపోయాను. గదికి వచ్చాక చూసుకుంటే పొట్ట మీద ఎర్రటి చుక్కలు, చిన్న కమిలిన మచ్చ. సాయంత్రం మత్తు దిగాక కడుపంతా రోకలితో దంచినట్టుంది. పడింది అయిదు వేల దెబ్బలు మరి.

మూడో రోజు ఎక్స్‌రేలో తెల్లరాయి అంచులు చెదిరి, బియ్యపు పిండి జల్లినట్టు కనబడింది. రాళ్లు పగిలాయని సంతోషపడ్డాను. ‘పగిలాయిగానీ ఇంకా లోపలే ఉన్నాయమ్మా’ అన్నారు డాక్టరు గారు.

ఈ షాక్‌వేవ్ పద్ధతిని మొదట 1980లో జర్మనీలోని మ్యూనిక్‌లో కిడ్నీ రాళ్ల మీద వాడారట. క్లోమం రాళ్ల మీద వాడిందీ ఆ ఊళ్లోనే, 1987లో. నేను పుట్టిన మరుసటి ఏడు. నా రాళ్లకంటే వైద్యమే ముందు పుట్టి నాకోసం కాచుకుని ఉందని మా ఆయనతో అంటే, ఆయనకు ఆ పూట నవ్వే ఓపిక లేదు.

ఒక రోజు ఆగి ఈఆర్‌సీపీ. దీని గురించి నేను చెప్పేదాంట్లో సగం కళ్లతో చూసింది కాదు, నిద్ర మత్తు ఇచ్చారు. ముందు రాత్రినుంచి ఏమీ తినలేదు. సెలైన్ ఎక్కించారు. మలద్వారంలో ఒక నొప్పి మాత్ర పెట్టారు. నొప్పి లేనప్పుడు నొప్పి మాత్ర ఎందుకని నర్సమ్మను అడిగాను. ఈ పరీక్ష వల్లనే క్లోమం వాచే ప్రమాదం కొంత ఉంటుందనీ, ఆ మాత్ర ఆ ప్రమాదాన్ని తగ్గిస్తుందనీ చెప్పింది. ఇది అందరూ అడిగి తెలుసుకోవాల్సిన సంగతి. క్లోమం జబ్బుకు చేసే వైద్యమే క్లోమాన్ని రేపవచ్చు. బోర్లా పడుకోబెట్టి, పళ్ల మధ్య ప్లాస్టిక్ కట్టు పెట్టారు. అంతవరకే నాకు గుర్తు.

మిగతాది మర్నాడు రౌండ్లకు వచ్చిన కుర్ర డాక్టరు కంప్యూటర్‌లో బొమ్మలు చూపించి చెప్పాడు. నేను అడిగిన ప్రశ్నలకు విసుక్కోకుండా జవాబు చెప్పింది అతనొక్కడే. ఈ ఎండోస్కోపుకు కెమెరా ముందుకు కాకుండా పక్కకు చూస్తుందట. జీర్ణాశయం దాటి చిన్నపేగు మొదటి మలుపులోకి వెళితే, గోడ మీద చిన్న బుడిపె కనబడుతుంది. పిత్తనాళం, క్లోమనాళం రెండూ అక్కడే తెరుచుకుంటాయి. ఆ బుడిపెలోంచి క్లోమనాళంలోకి ఒక తీగ పంపాలి. దాని మందం అంగుళంలో నలభయ్యో వంతు. ఆ తీగ రాళ్ల పక్కనుంచి, సన్నబడిన చోటును దాటుకుని క్లోమం తోక దాకా, అంటే అవతలి కొస దాకా, వెళ్తేనే మిగతా పనంతా. నా విషయంలో ఆ తీగ దాటించడానికే ఎక్కువసేపు పట్టిందట.

‘లంగాకు నాడా ఎక్కించినట్టా?’ అన్నాను. ముడతపడిన చోట పిన్నీసు ఆగిపోతుంది, తోస్తే బట్టలో గుచ్చుకుంటుంది, కాస్త వెనక్కి లాగి, బట్టను సర్ది మళ్లీ తోయాలి. అతను ఒక్క క్షణం ఆలోచించి, ‘అచ్చం అంతేనమ్మా, కాకపోతే ఇక్కడ బట్టను రెండో చేత్తో పట్టుకునే వీలుండదు’ అన్నాడు. నాకు ఆ చేతుల మీద గౌరవం అప్పుడు కలిగింది.

తీగ వెళ్లాక బుడిపె దగ్గరి కండరాన్ని కరెంటుతో వేడెక్కే సన్నటి తీగతో కాస్త కోశారు, వాకిలి వెడల్పు కావడానికి. సన్నబడిన చోటును సాగదీశారు. ఊదని బెలూన్‌ను రాళ్ల అవతలికి పంపి, అక్కడ ఊది, మెల్లగా బయటికి లాగారు. దాంతో పాటు రాతిపొడి పేగులోకి వచ్చి పడింది. ఫొటోలో చూశాను, పచ్చటి రసంలో తెల్లటి నూక. అది మామూలుగా విరేచనంలో పోతుంది. పెద్ద ముక్కలు రెండింటిని తీగబుట్టతో పట్టారు. తోక వైపు ఇంకా కొంత మిగిలింది. చివరగా నాళం మూసుకుపోకుండా అందులో ప్లాస్టిక్ స్టెంటు, అంటే సన్నటి గొట్టం, పెట్టారు, ‘ఏడు ఫ్రెంచ్’ అన్నాడు. నా టేపుకు ఒకవైపు అంగుళాలు, ఇంకోవైపు సెంటీమీటర్లు ఉంటాయి. ఈ మూడో కొలత ఏమిటని అడిగితే, ఒక ఫ్రెంచ్ అంటే మిల్లీమీటరులో మూడో వంతు అన్నాడు. అంటే నా లోపలున్న గొట్టం మందం రెండుంపావు మిల్లీమీటర్ల పైమాట.

ఆ సాయంత్రం నొప్పి వచ్చింది. పాత నొప్పా, పరీక్ష వల్ల వచ్చిన వాపా అని అందరికీ భయం. రక్తం తీశారు, లైపేజ్ కాస్త పెరిగింది. ఇంకో రెండు రోజులు నోటికి ఏమీ ఇవ్వకుండా సెలైన్‌తోనే ఉంచి, తర్వాత జావ ఇచ్చి పంపించారు. సూర్యాపేట బస్సులో కూర్చుని రెండు ఇడ్లీలు తిన్నాను. చౌటుప్పల్ దాటింది, నార్కట్‌పల్లి దాటింది, నొప్పి రాలేదు. రెండేళ్ల తర్వాత తిన్నాక నొప్పి కోసం ఎదురుచూసి, అది రాకపోవడం అదే మొదటిసారి. ఏడ్చాను. మా ఆయన నొప్పి వచ్చిందనుకుని బస్సు ఆపమన్నారు.

ఇక నేను చేసిన తప్పు. మూడు నెలలకు వచ్చి స్టెంటు మార్చుకోమన్నారు. మూడు నెలలకు సరిగ్గా పెళ్లిళ్ల ముహూర్తాలు వచ్చిపడ్డాయి. ఒక్కో పెళ్లికి ఇరవై ముప్పై జాకెట్లు, మగ్గం పని చేసినవి వేరే. నొప్పి లేదు కదా, ఇంకో నెల, ఇంకో పదిహేను రోజులు అనుకుంటూ అయిదో నెల దాటించాను. ఒక రాత్రి చలిజ్వరం, పాత నొప్పి రెండూ కలిసి వచ్చాయి. స్టెంటు లోపల పూర్తిగా మూసుకుపోయింది. ‘మూసుకుపోయిన గొట్టం లోపల ఉండటం కంటే అసలు లేకపోవడమే నయమమ్మా’ అని డాక్టరు గారు కోప్పడ్డారు. కోప్పడాల్సిందే. రెండోసారి ఈఆర్‌సీపీ చేసి పాతది తీసి, మిగిలిన రాళ్లు ఊడ్చి, కొంచెం పెద్దది, పది ఫ్రెంచ్‌ది పెట్టారు. పాతదాన్ని చూపించమని అడిగి చూశాను. తెల్లగా పెట్టింది కాస్తా గోధుమరంగు మురికితో నిండి, పాత బాబిన్ గూట్లోంచి తీసిన దారపు చెత్తలా ఉంది. ఏడాది నిండాక మూడోసారి వెళితే నాళం బాగానే తెరుచుకుందని ఆ స్టెంటు కూడా తీసేశారు. పక్క కొమ్మల్లో చిన్న రాళ్లున్నాయి, వాటిని ముట్టుకోరు. ప్రధాన దారికి అడ్డం కానివాటిని తీయడం వల్ల లాభం లేదట.

మా అక్క కొడుకు ఫార్మసీ చదువుతున్నాడు. వాడొకరోజు ఫోను చేసి, ‘పిన్నీ, నీకు చేసిన వైద్యం మీదే పరీక్ష జరిగింది తెలుసా’ అన్నాడు. హైదరాబాదులోనే, 106 మంది క్లోమం రాళ్ల రోగుల మీద. సగం మందికి నిజంగా షాక్‌వేవ్, ఈఆర్‌సీపీ చేశారు, మిగతా సగానికి చేసినట్టు చూపించారుగానీ చేయలేదు. ఎవరికి ఏది చేశారో రోగులకు చెప్పలేదు. పన్నెండు వారాలకు నిజంగా చేయించుకున్నవాళ్లకు నొప్పి కాస్త ఎక్కువ తగ్గింది. ఇరవై నాలుగు వారాలకు ఆ తేడా కూడా మిగల్లేదు. 2024లో ఆ ఫలితాలు బయటికి వచ్చాయి. 2020లో నెదర్లాండ్స్‌లో 88 మందితో జరిగిన ఇంకో పరీక్షలో, ముందు ఎండోస్కోపీతో మొదలుపెట్టినవాళ్లకంటే తొందరగా ఆపరేషన్ చేయించుకున్నవాళ్లకు నొప్పి తక్కువగా ఉందట.

విన్నాక రెండు రోజులు మనసు బాగాలేదు. చీటీ డబ్బులు గుర్తొచ్చాయి. తర్వాతి సారి వెళ్లినప్పుడు డాక్టరు గారిని సూటిగానే అడిగాను. ఆయన దాటవేయలేదు. రాయి ఒక్కటే నొప్పికి కారణం కాదనీ, ఏళ్ల తరబడి వాచిన క్లోమంలో నరాలే నొప్పికి అలవాటుపడిపోతాయనీ, అందుకే రాయి పోయినా కొందరికి నొప్పి పోదనీ చెప్పారు. ‘మీకు మళ్లీ మొదలైతే ఇంకో స్టెంటు అనను, సర్జన్ దగ్గరికి పంపుతాను’ అన్నారు. ఆ మాట ముందే, మొదటి రోజే ఇంత విడమరచి చెప్పి ఉంటే బాగుండేది. చెప్పినా నేను అప్పుడు వినే స్థితిలో ఉన్నానా అంటే, ఏమో.

నా సంగతికి వస్తే, నొప్పి పూర్తిగా పోలేదు. నెలలో రెండు మూడు రోజులు వీపులో మొండిగా పట్టుకుంటుంది, మాత్రతో తగ్గుతుంది. ఆసుపత్రిలో చేరేంతగా మళ్లీ రాలేదు. నాలాంటి ఒక్కరి అనుభవం 106 మంది లెక్కను కొట్టేయదని నాకు తెలుసు. స్టెంటు వల్ల తగ్గిందా, కాలం వల్ల తగ్గిందా, ఎంజైమ్ మాత్రల వల్ల తిండి ఒంటబట్టి తగ్గిందా, చెప్పలేను.

ఆ ఎంజైమ్ మాత్రల గురించి ఒక్క మాట. క్లోమం తయారు చేయలేని జీర్ణరసాన్ని అవి బయటినుంచి ఇస్తాయి. మొదట్లో నేను వాటిని మామూలు మాత్రల్లాగా పొద్దున్నే ఒకటి, రాత్రి ఒకటి వేసుకునేదాన్ని. అలా ఎంత వేసుకున్నా వృథా. అన్నంతో పాటే, మొదటి ముద్దకు ఒకటి, మధ్యలో ఒకటి మింగాలి, అప్పుడే తిండితో కలుస్తాయి. పెళ్లి భోజనంలో కూడా పర్సులోంచి తీసి వేసుకుంటాను. ‘షుగరా?’ అని అడుగుతారు. అవును, షుగరు కూడా వచ్చింది. ఇన్సులిన్ తయారయ్యేదీ ఆ క్లోమంలోనే కదా.

మొన్న దసరాకు పాత జాకెట్లు బయటికి తీసి పక్క కుట్లు విప్పాను, ఒక అంగుళం వరకు. లోపలికి మడిచిన బట్ట వెలిసిపోకుండా కొత్తదానిలా ఉండటంతో రెండు రంగులు కనబడుతున్నాయి. చీర కొంగు కప్పుకుంటే తెలియదు. వచ్చే నెల మూడున షుగరు పరీక్షకు, సీటీకి హైదరాబాదు వెళ్లాలి. ఉదయం అయిదున్నర బస్సు. అంతలోపు కరణం గారి కోడలి జాకెట్లు నాలుగింటికి హుక్కులు కుట్టి ఇచ్చేయాలి.